చెక్క తాగుతున్నామా, ద్రాక్ష తాగుతున్నామా?

రెడ్ వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "ఆహా, వెనిలా! కాస్త కొబ్బరి, కాస్త లవంగం, చివర్న పొగ..." అని కళ్ళు మూసుకునేవాళ్ళని నేను ఒకటే అడుగుతాను. ఇందులో ద్రాక్ష ఏదండీ? మీరు మెచ్చుకున్నదంతా దాదాపుగా పీపాదే. వెనిలా వాసన ఓక్ చెక్కలోని వెనిలిన్‌ది. కొబ్బరి అదే చెక్కలోని లాక్టోన్లది, అమెరికన్ ఓక్‌లో మరీ ఎక్కువ. పొగ, లవంగం వచ్చేది పీపా లోపలివైపు మంట మీద కాల్చడం వల్ల. చెక్క వాసన ఎంత గట్టిగా ఉంటే వైన్ అంత గొప్పదనుకోవడం పెద్ద మోసం.

ఇటలీలో బరోలో కథే చూడండి. నెబ్బియోలో ద్రాక్షతో చేసే వైన్ అది. రంగు పలచన, వగరు మాత్రం చిగుళ్ళని పట్టేస్తుంది. దాన్ని పాతకాలంలో పెద్ద పెద్ద పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచేవారు. 1980లలో అక్కడి కుర్రకారు ఫ్రాన్సు పద్ధతిలో 225 లీటర్ల కొత్త పీపాలు, బారిక్‌లు, దింపారు. పీపా చిన్నదైతే లీటరుకి తగిలే చెక్క ఎక్కువ, కొత్తదైతే వాసన ఎక్కువ. ఎలియో అల్తారె అయితే తండ్రి పీపాల్ని మోటారు రంపంతో కోసేశాడు. బార్తోలో మస్కరెల్లో అనే పెద్దాయన ససేమిరా అన్నాడు. బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు అని సీసా లేబుల్ మీదే రాసిపెట్టాడు.

అల్తారె కోపంలో న్యాయం లేదనను. శుభ్రం లేని పాత పీపాలు వైన్‌ని పాడుచేస్తాయి. అసలు పీపా అక్కర్లేదనీ అనను. దాని గుండా కొద్దికొద్దిగా గాలి తగిలితేనే వగరు మెత్తబడుతుంది. పీపా పని అంతవరకే. అది గొంతెత్తి మాట్లాడుతూ ద్రాక్ష నోరు నొక్కేస్తేనే నాకు ఒళ్ళు మండేది. పైగా 2006లో ఐరోపా సమాఖ్య ఓక్ ముక్కలు వాడటానికి కూడా ఒప్పుకుంది. స్టీలు ట్యాంకులో నాలుగు చెక్క ముక్కలు నానేస్తే చాలు, ఖరీదైన వాసన చౌకగా వచ్చేస్తుంది. ఇక ఆ వాసన దేనికి సాక్ష్యం?

మనకెందుకీ గొడవ అంటారా? హైదరాబాదులో వైన్ టేస్టింగులకి వెళ్ళే మనవాళ్ళు ఇంగ్లీషులో వల్లించే జాబితాలో చెక్క వాసనలన్నీ ఉంటాయి. వగరు మాత్రం ఉండదు. వాళ్ళు టానిన్ అని రసాయనం పేరు చెప్తే మనం తలూపుతాం. కానీ మనకి ఆ రుచికే పేరుంది. లేత జామకాయ వగరు వేరు, వక్క వగరు వేరు, కరక్కాయ వగరు వేరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరుని ఏటా కోరి తినే నాలుక మనది. వెనిలా తీపి పూతకి మొదట దొరికిపోవాల్సింది మనం కాదు.

ఈసారి గ్లాసు ఎత్తినప్పుడు చెక్క వాసనని కాసేపు పక్కన పెట్టండి. కింద పండు, పులుపు, వగరు మిగిలాయా? అయితే తాగండి. ఏమీ మిగల్లేదా? మీరు డబ్బిచ్చింది వడ్రంగికి.