రాణి మౌనం, టోపీ మాట

1991 మే 14. వైట్‌హౌస్ పచ్చిక మైదానం. అధ్యక్షుడు సీనియర్ జార్జ్ బుష్ స్వాగత వచనాలు ముగించి పక్కకు తప్పుకున్నారు. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ మైకుల ముందుకు వచ్చారు. బుష్ ఆరడుగులు దాటిన మనిషి. రాణి ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. పోడియం బుష్ కోసం అమర్చింది. ఆమె నిలబడడానికి వేయాల్సిన మెట్టును వేయడం ఎవరో మరిచారు. ఇంకేముంది, కెమెరాలకు చిక్కింది ఒక మైకుల గుత్తి, దాని వెనుక కదులుతున్న ఒక టోపీ. మాట వినిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. 'మాట్లాడే టోపీ' అంటూ పత్రికలు పండగ చేసుకున్నాయి.

తెలుగులో 'టోపీ పెట్టడం' అంటే మోసం చేయడం. లండన్‌లో మాత్రం అది ఉద్యోగ ధర్మం. కనీసం ఆ కుటుంబంలో పుట్టిన, లేదా ఆ కుటుంబంలోకి మెట్టిన ఆడవాళ్లకు. చర్చిలో పెళ్లయినా, గుర్రప్పందెమైనా, యుద్ధ వీరుల సంస్మరణ అయినా తలపై ఏదో ఒకటి ఉండాల్సిందే. బయటివాళ్లకు ఇది షోకుగా కనిపిస్తుంది. నిజానికి దాని వెనుక చాలా లెక్కలున్నాయి. రాజ్యాంగబద్ధ రాచరికంలో రాణి నోరు విప్పి రాజకీయం మాట్లాడకూడదు. ఎన్నికల మీద, పన్నుల మీద, యుద్ధాల మీద సొంత అభిప్రాయం బయటపెట్టకూడదు. పార్లమెంటులో ఆమె చదివే ప్రసంగం కూడా ప్రభుత్వం రాసిచ్చినదే. మాటకు ఇన్ని సంకెళ్లున్నప్పుడు జనం మిగిలినవాటిని చదవడం మొదలుపెడతారు. ఏ రంగు కోటు? ఏ బ్రోచ్? ఏ టోపీ?

ఆ టోపీ తయారీ కూడా ఆషామాషీ వ్యవహారం కాదు. ఆస్ట్రేలియాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఫ్రెడరిక్ ఫాక్స్ 1968 నుంచి మూడు దశాబ్దాలకు పైగా రాణికి దాదాపు 350 టోపీలు తయారు చేశారు. తర్వాత రేచల్ ట్రెవర్ మోర్గన్ వంటివారు ఆ పని అందుకున్నారు. ఎవరు చేసినా సూత్రాలు మారలేదు. అంచు మరీ వెడల్పుగా ఉండకూడదు, ముఖం మీద నీడ పడుతుంది. బారికేడ్ల వెనుక గంటల తరబడి నిలబడినవాళ్లకు ముఖం కనిపించకపోతే వచ్చి లాభమేమిటి? పొట్టి మనిషి కాబట్టి టోపీకి కాస్త ఎత్తు ఉండాలి. కారు దిగేటప్పుడు తలుపుకు తగలకూడదు. గాలికి ఎగరకూడదు, అందుకు పిన్నులు. రంగు కొట్టొచ్చినట్టు ఉండాలి. జనసముద్రంలో దూరం నుంచి కూడా 'అదిగో రాణి' అని పసిపిల్లాడు వేలు పెట్టి చూపించగలగాలి. 2016లో 90వ పుట్టినరోజు వేడుకలకు ఆమె వేసుకున్న మిరుమిట్లు గొలిపే ఆకుపచ్చ దుస్తులు, టోపీ వెనుక ఉన్నది ఈ లెక్కే. వాన వస్తే పట్టుకునే గొడుగు కూడా అవతలి మనిషి కనిపించే పారదర్శక ప్లాస్టిక్‌దే.

రంగుకు దౌత్యం కూడా తెలుసు. 2011 మేలో రాణి డబ్లిన్‌లో విమానం దిగారు. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక అక్కడ అడుగుపెట్టిన తొలి బ్రిటిష్ పాలకురాలు ఆమే. అంతకు వందేళ్ల ముందు, 1911లో ఆమె తాత ఐదో జార్జి వెళ్లే నాటికి ఆ దేశం బ్రిటిష్ పాలనలోనే ఉంది. రక్తపాతం, పగలు నిండిన శతాబ్దం మధ్యలో గడిచింది. అలాంటి చోటికి ఆమె పచ్చ కోటు, పచ్చ టోపీతో వచ్చారు. పచ్చదనం ఐర్లండ్ జాతీయ వర్ణం. ఇంకా ఒక్క మాటా మాట్లాడకముందే సగం పని అయిపోయింది.

ఈ టోపీకి ఒక వేళ కూడా ఉంది. సంప్రదాయం ప్రకారం పగటి వేడుకలకే టోపీ. సాయంత్రం ఆరు దాటితే టోపీ దిగుతుంది, వజ్రాల టియారా ఎక్కుతుంది. టియారా సాధారణంగా పెళ్లయిన స్త్రీలకు, పెళ్లికూతురికి. ఈ సాయంత్రపు లెక్కలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. 1947లో యువరాణి ఎలిజబెత్ పెళ్లికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక ఇస్తూ, కార్టియర్ దుకాణంలో నచ్చినది ఆమెనే ఎంచుకోమన్నారు. ఆమె ఒక టియారా, ఒక హారం ఎంచుకున్నారు. హారం ఇప్పటికీ భద్రంగా ఉంది. 2014లో కేథరిన్ మిడిల్టన్ మెడలో లోకం దాన్ని మళ్లీ చూసింది. టియారాను మాత్రం 1973లో విడగొట్టారు. దాని వజ్రాలు, బర్మా ప్రజలు కానుకగా ఇచ్చిన కెంపులు కలిపి కొత్త టియారా చేయించారు. నిజాం రాజ్యం 1948లోనే పోయింది. ఆ కానుక తాలూకు వజ్రాలు మాత్రం విందుల్లో తళుక్కుమంటూనే వచ్చాయి.

రాణి స్వయంగా హైదరాబాద్ వచ్చింది 1983 నవంబర్‌లో. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనతో ఆమె, ఫిలిప్ తమ 36వ పెళ్లిరోజు జరుపుకున్నారు. చర్చిలో స్త్రీ తల కప్పుకోవాలి, పురుషుడు తల మీదున్నది తీయాలి అన్నది క్రైస్తవంలో పాత ఆచారం. కొరింథీయులకు పౌలు రాసిన లేఖ దానికి ఆధారం. బ్రిటన్‌లో మామూలు జనం దీన్ని ఎప్పుడో వదిలేశారు, రాచకుటుంబం వదల్లేదు. 1997 అక్టోబర్‌లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయానికి వెళ్లినప్పుడు ఆమె బూట్లు విప్పి మేజోళ్లతో నడిచారు. తల కప్పుకోవాలన్న గురుద్వారా నియమాన్ని మాత్రం ఆమె టోపీయే తీర్చేసింది.

తలపై వస్త్రంతో మాట్లాడే విద్య దక్షిణాసియా స్త్రీలకు కొత్తేమీ కాదు. ఇందిరా గాంధీ ఊళ్లలో జనం ముందుకు వెళ్లేటప్పుడు చీర కొంగు తలపైకి లాక్కునేవారు. బేనజీర్ భుట్టో తెల్ల దుపట్టా ఆమె రాజకీయ సంతకంగా మారింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన యువతి పాకిస్తాన్‌లో ప్రధాని కావాలంటే ఆ దుపట్టా జారకుండా చూసుకోవాల్సి వచ్చింది. తేడా ఒక్కటే. కొంగు, దుపట్టా వినయాన్ని చాటాలి. రాణి టోపీ ఉనికిని చాటాలి. ఒకటి తలను దాచడానికి, మరొకటి చూపించడానికి. కానీ రెండు చోట్లా లోకం ముందుగా చూసింది ఆడదాని తలనే.

చూడ్డమే కాదు, అర్థాలు లాగుతుంది కూడా. 2017 జూన్ 21న రాణి పార్లమెంటును ప్రారంభించారు. ముందస్తు ఎన్నికల హడావుడి వల్ల ఆ ఏడాది కిరీటం, రాజలాంఛనాలు లేవు. నీలం కోటు, నీలం టోపీతో వచ్చారు. టోపీ ముందు భాగాన నీలి పూలు, వాటి నడుమ పసుపు చుక్కలు. యూరోపియన్ యూనియన్ జెండాలా ఉందే అని చూసినవాళ్లంతా గుసగుసలాడారు. ఎదుట చదువుతున్నది బ్రెగ్జిట్ చట్టాల ప్రసంగం. యూరోపియన్ పార్లమెంటు తరఫున బ్రెగ్జిట్ వ్యవహారాలు చూస్తున్న గై ఫెర్హోఫ్‌స్టాట్ కూడా చమత్కరించకుండా ఉండలేకపోయారు. అది కేవలం యాదృచ్ఛికమని రాణి దుస్తుల పర్యవేక్షకురాలు ఏంజెలా కెలీ 2019లో తన పుస్తకంలో రాశారు. నమ్మినవాళ్లు నమ్మారు. మాట్లాడకూడని మనిషికి ఇదే చిక్కు. ఆమె అననిది కూడా అన్నట్టే లెక్క.

ఒకప్పుడు ఈ టోపీలు రాణులవే కావు. లండన్‌కు ఉత్తరాన ఉన్న లూటన్ పట్టణం 19వ శతాబ్దంలో గడ్డి టోపీలు అల్లి బతికింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును ఇప్పటికీ 'హ్యాటర్స్' అనే పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు పెరిగాయి, జుట్టు అలంకరణలు మారాయి, టోపీలు మూలన పడ్డాయి. ఇప్పుడు ఆ చేతిపనిని నిలబెడుతున్నవి పెళ్లిళ్లు, గుర్రప్పందేలు, రాచకుటుంబం. ఫిలిప్పీన్స్‌లో అబాకా నారతో నేసిన సినమే గుడ్డ వస్తే, లండన్‌లో దాన్ని చెక్క అచ్చు మీద ఆవిరి పట్టి సాగదీసి, చేత్తో కుట్టి టోపీగా మలుస్తారు. 1711లో యాన్ రాణి మొదలుపెట్టిన ఆస్కాట్ పందేల్లో రాచ ఆవరణలోకి వెళ్లాలంటే తలపై ఏదో పేరుకు ఉంటే సరిపోదు. ఈకముక్కంత ఫాసినేటర్లను అక్కడ 2012లో నిషేధించారు. టోపీ కాకపోతే కనీసం నాలుగంగుళాల గట్టి అడుగున్న శిరోభూషణం ఉండాలి. రాణి ఆ రోజు ఏ రంగు టోపీతో వస్తారన్న దాని మీద కూడా పందేలు కాసేవారు.

ఈ సరదా చరిత్రలో ఒక నెత్తుటి పుట ఉంది. విక్టోరియా కాలం చివర్లో టోపీకి ఈకలు లేకపోతే నామోషీ. తెల్లకొంగకు గుడ్లు పెట్టే కాలంలోనే వీపు మీద నాజూకైన ఈకలు మొలుస్తాయి. వాటి కోసం గూళ్ల దగ్గరే తల్లికొంగలను చంపేవారు. పిల్లలు ఆకలితో చచ్చేవి. ఆ ఈకల ధర బంగారంతో పోటీ పడేది. దీన్ని ఎదిరించినది కూడా ఆడవాళ్లే. 1889లో మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ ఈకలు ధరించబోమని ప్రతిజ్ఞ చేసే స్త్రీలతో ఒక సంఘం పెట్టారు. ఈనాటి బ్రిటన్ పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీకి మూలం అదే. 1902లో భారత ప్రభుత్వం పక్షుల చర్మాలు, ఈకల ఎగుమతిని నిషేధించింది. అయినా దొంగరవాణా ఆగలేదు, ఎందుకంటే కొనేవాళ్లు లండన్‌లో ఉన్నారు. 1906లో ఎడ్వర్డ్ రాజు భార్య అలెగ్జాండ్రా రాణి తాను ఆ కొంగ ఈకలు ధరించనని లేఖ ద్వారా తెలియజేశారు. దిగుమతిని నిషేధించే చట్టం బ్రిటన్‌లో 1921లో గానీ రాలేదు. చట్టం కన్నా పదిహేనేళ్ల ముందే ఒక రాణి తల దారి చూపింది. మన చెరువు గట్ల మీది కొంగలకు ఆ లేఖ సంగతి తెలియదు గానీ, టోపీ మాట ఎవరి ప్రాణం మీదికి వస్తుందో, ఎవరి ప్రాణం కాపాడుతుందో చెప్పడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

ఇప్పటి రాచస్త్రీలకు ప్రాణహాని లేదు గానీ పరువుహాని ఉంది. 2011 ఏప్రిల్ 29న విలియమ్, కేథరిన్‌ల పెళ్లికి విలియమ్ చిన్నాన్న కూతురు బియాట్రిస్ పెట్టుకొచ్చిన ఫిలిప్ ట్రేసీ టోపీని చూసి ప్రపంచం నవ్వింది. పెద్ద రిబ్బను ముడిలాంటి ఆ ఆకారం మీద పేలని జోకు లేదు. ఆమెకప్పుడు 22 ఏళ్లు. ముఖం చాటేయకుండా టోపీని ఇంటర్‌నెట్‌లో వేలానికి పెట్టారు. అది 81,100 పౌండ్లు పలికింది. డబ్బంతా పిల్లల సేవా సంస్థలకు వెళ్లింది. నవ్వినవాళ్లకు అంతకన్నా మర్యాదైన సమాధానం ఉండదు. డయానాది మరో దారి. తర్వాతి కాలంలో ఆమె టోపీలు తగ్గించేశారు. టోపీ పెట్టుకుని పసిబిడ్డను గుండెకు హత్తుకోలేమన్నది ఆమె భావన అని, 2017లో కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో ఆమె దుస్తుల ప్రదర్శన ఏర్పాటు చేసినవారు చెప్పారు.

2024 జూన్ 15న కేథరిన్ తెల్లటి దుస్తుల్లో, ట్రేసీ చేసిన తెల్ల టోపీతో బకింగ్‌హామ్ ప్యాలెస్ బాల్కనీలో కనిపించారు. అంతకు ముందు ఆమె కనిపించని నెలల్లో లోకం అల్లని కథ లేదు. క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నానని మార్చిలో ఆమే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు వాలుగా దిగిన అంచు కింద ముఖాన్ని కోట్లమంది వెతికారు. చిక్కిపోయిందా, నవ్వుతోందా అని. టోపీ అప్పుడు అలంకారం కాదు. 'నేను నిలబడే ఉన్నాను' అన్న కబురు. కబురు ఎంతవరకు చెప్పాలో అంతవరకే చెప్పే తెర కూడా.

మళ్లీ 1991కి. వైట్‌హౌస్ అభాసు జరిగిన రెండు రోజులకు రాణి అమెరికన్ కాంగ్రెస్‌లో ప్రసంగించారు. ఆ గౌరవం దక్కిన తొలి బ్రిటిష్ పాలకురాలు ఆమే. ఇవాళైనా మీరున్న చోటికి నేను కనిపిస్తున్నానని ఆశిస్తానంటూ మొదలుపెట్టారు. సభంతా నవ్వులు, చప్పట్లు. అదే ప్రసంగంలో ఆమె ఇంకో మాట కూడా అన్నారు. అధికారం తుపాకీ గొట్టంలోంచి పుడుతుందని కొందరు నమ్ముతారనీ, పుట్టవచ్చు గానీ అది చక్కగా ఎదగదని, ఎక్కువ కాలం నిలవదని చరిత్ర చెబుతోందనీ. గల్ఫ్ యుద్ధం ముగిసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ వారం అమెరికాలో ఆమె చేసిన పనులన్నింటిలో జనానికి గుర్తున్నది టోపీ. గుర్తుంచుకోవాల్సినది ఈ మాట.