టేకు వరుసలు అడవి కాదు

టేకు మా అడవి చెట్టే. దానితో మాకు పగ లేదు. మా కొట్లాటంతా ఒక్క టేకునే వరుసల్లో నాటి, అడవి అని రాసుకునే లెక్కతో. ఒక హెక్టారుకు తగ్గని జాగలో చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, భారత అటవీ సర్వేకు అది అడవే. ఆకాశం నుంచి చూసే కంటికి కింది మట్టి కనబడదు.

ఖానాపూర్ అడవిలో ఇప్ప, తునికి, మద్ది, వెదురు కలిసి పెరిగిన చోట వాన నేరుగా నేలను కొట్టదు. పొదలు, గడ్డి, రాలిన ఆకు దాని ఊపు తగ్గిస్తాయి. వేర్లు, వానపాములు చేసిన సందుల్లోంచి నీరు ఇంకుతుంది.

పొదలు కొట్టేసిన టేకు తోటలో అట్ల కాదు. వెడల్పాకుల మీద చినుకులు కూడి పెద్ద బొట్లయి, ఎత్తు నుంచి పడతాయి. ఎండాకాలం మంటల్లో ఆకు కాలిపోతే నేల బోడిగా వానకు దొరుకుతుంది. మెత్తటి మన్ను సందులను మూసి పైన పెచ్చు కడుతుంది. చెట్లు కొట్టినప్పుడు లారీలు తిరిగి ఇంకా గట్టిపడుతుంది. ఇంకని నీరు మట్టిని ఎత్తుకొని వాగుల్లోంచి గోదావరికి పోతుంది.

పోడుతో నేల కొట్టుకుపోతుందని మమ్మల్ని నిలదీస్తారు. సరే, అదే కొలత తోటకూ పెట్టండి. సామూహిక అడవిని కాపాడుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. నాటే ముందు గ్రామసభను అడగండి. పొదలు కొట్టొద్దు, ఆకు కాల్చొద్దు. కొన్నేళ్లకోసారి నీరు ఎంతసేపట్లో ఇంకుతుందో మా ముందే కొలవండి.

ఎన్ని మొక్కలు నాటారో తర్వాత చెప్పండి. నేల నీళ్లు తాగుతుందా, ముందు అది చెప్పండి.