చైనా వాళ్ళకి ఇంగ్లీషు రాదా?

"చైనా టీమ్‌తో కాల్ అంటే టైమ్ వేస్టు బాబూ, వాళ్ళకి ఇంగ్లీషు రాదు." మన ఐటీ ఆఫీసుల్లో ఈ మాట వినని వాళ్ళుండరు. మ్యూట్‌లో పెట్టి నవ్వుకునే వాళ్ళకీ కొదవ లేదు. నా మటుకు నాకు ఇది తప్పుడు లెక్క అనిపిస్తుంది. వాళ్ళకి ఇంగ్లీషు వచ్చు. ఏ ఇంగ్లీషు వచ్చో తెలియాలంటే వాళ్ళ స్కూలు పరీక్ష చూడాలి.

మనకి ఇంటరూ ఎప్‌సెట్టూ కలిస్తే ఎంత టెన్షనో, అక్కడ గావ్‌కావ్ ఒక్కటే అంత టెన్షన్. 2024లో 1 కోటి 34 లక్షల మంది దరఖాస్తు చేశారు. అందులో ఇంగ్లీషుకి 150 మార్కులు, అంటే లెక్కలతో సమానం. ఎక్కువ ప్రావిన్సుల్లో వాడే పేపర్లో లిజనింగ్‌కి 30, రీడింగ్‌కి 50, ఖాళీలు నింపడానికి 30, రాతకి 40. మాట్లాడ్డానికి? సున్నా. గ్వాంగ్‌డాంగ్, బీజింగ్ లాంటి కొన్ని చోట్ల మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, మార్కులిస్తారు.

ఇప్పుడు మీ టీమ్‌లో చైనా వాళ్ళని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మా టీమ్‌లో చెంగ్డూ నుంచి పనిచేసే ఒకావిడ ఉంది. ఆవిడ రాసిన బగ్ రిపోర్టు చదివితే మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగక్కర్లేదు. అదే కాల్‌లో అయితే "యెస్, ఓకే" దాటి మాట రాదు. 150 మార్కులు ఎక్కడెక్కడ పంచారో, ఇంగ్లీషూ అక్కడే పెరిగింది. ఇందులో ఆశ్చర్యం ఏముంది?

"మరి లిజనింగ్‌కి 30 మార్కులున్నాయిగా, మన మాట ఎందుకు అర్థం కాదు?" అంటారేమో. అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ పరీక్షలో 20 ప్రశ్నలు. మొదటి 5 చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు. మిగతా పెద్దవన్నీ రెండేసి సార్లు. వినేముందే ప్రశ్నలు చదువుకోడానికి ప్రశ్నకి 5 సెకన్లు టైమిస్తారు. పరీక్ష జరుగుతున్నంతసేపూ చుట్టుపక్కల హారన్లు కొట్టకుండా పోలీసులు కాపలా కాస్తారు. పేపర్లో ఉదాహరణగా ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, చొక్కా ధర ఎంత అని. జవాబు 9 పౌండ్ల 15 పెన్సులు. చైనా కుర్రాళ్ళని అడిగితే నిద్రలో కూడా చెప్తారు, వాళ్ళకదో పెద్ద జోకు.

మరి మన కాల్ ఎలా ఉంటుంది? ముందు అజెండా ఉండదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడతారు. ఒకరిది గుంటూరు ఇంగ్లీషు, ఇంకొకరిది టెక్సాస్ ఇంగ్లీషు. మధ్యలో నెట్టు తెగుతుంది. ఏదీ రెండోసారి చెప్పరు. స్టూడియోలో శుభ్రంగా చదివిన రికార్డింగులతో మూడేళ్ళు సాధన చేసిన వాళ్ళని దీంట్లో పడేసి, నోరు మెదపలేదంటే ఎలా?

అలాగని ఆ 30 మార్కులు దండగ అనను. పరీక్షలో లేనిది క్లాసులో చెప్పరన్నది మనకంటే బాగా ఎవరికి తెలుసు? మా ఇంటర్ ఇంగ్లీషు పేపర్లో వినడానికి ఒక్క మార్కు కూడా లేదు. రెండేళ్ళలో మా క్లాసులో ఒక్క రికార్డింగ్ కూడా మోగలేదు. మార్కులుండబట్టే అక్కడి పల్లెటూరి స్కూల్లో కూడా ఆ స్పీకరు మోగుతుంది. నేను కోరేదల్లా ఆ రికార్డింగుల్లో లండన్, న్యూయార్కు గొంతులతో పాటు హైదరాబాదు, లాగోస్ గొంతులు కూడా వినిపించాలని. రేపు వాళ్ళు పనిచేయాల్సింది మనతో కూడా కదా!

ఇదంతా ఎందుకంటారా? ఏడాది చివర రేటింగుల్లో "కమ్యూనికేషన్" అని ఒక గడి ఉంటుంది. కాల్‌లో గలగలా మాట్లాడిన వాడికి అందులో మంచి మార్కు, డాక్యుమెంటు చక్కగా రాసిన మనిషికి కోత. ఆ కోత జీతంలోనూ కనిపిస్తుంది. మన యాసకి క్లయింటు నాలుగుసార్లు "పార్డన్" అంటే ఎంత చివుక్కుమంటుందో మనకి తెలియనిది కాదు. మళ్ళీ మనమే ఇంకొకళ్ళకి అదే పని చేస్తున్నాం.

ఖర్చు లేని మందు ఆ పరీక్షలోనే ఉంది. అడగబోయే ప్రశ్నలు ముందురోజు రాసి పంపండి. ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పండి. జవాబు చాట్‌లో ఇస్తానంటే ఇవ్వనివ్వండి. మా టీమ్‌లో ప్రశ్నలు ముందే పంపడం మొదలుపెట్టాక, చెంగ్డూ ఆవిడ కాల్‌లో మా డిజైన్‌లో రెండు తప్పులు పట్టుకుంది. ఆ రెండూ రిలీజుకి ముందే దొరికాయి.

మీ టీమ్‌లో పరిస్థితి ఏంటో మరి?