చల్లదనం పైపు ముందు ఎటు పోవాలి?



ఊరంతటికీ ఒకటే నీళ్ల ట్యాంకు ఉన్నట్టు, చల్లదనాన్ని కూడా ఒకే చోట తయారుచేసి పైపుల్లో పంపవచ్చు. దీన్ని డిస్ట్రిక్ట్ కూలింగ్ అంటారు. డిస్ట్రిక్ట్ అంటే జిల్లా అనుకునేరు, ఇక్కడ పేట అని అర్థం. చల్లబరిచిన నీళ్లు భూమిలోని పైపుల్లో భవనాలకు పోయి, గదుల్లో వేడిని తీసుకొని తిరిగొస్తాయి. గదికొక ఏసీ డబ్బా అక్కరలేదు.

తెలుగువాళ్లకు ఇది కొత్త ముచ్చటేం కాదు. అమరావతిలో అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం కోసం 2019లో టబ్రీద్ అనే అబుదాబి కంపెనీతో 30 ఏళ్ల ఒప్పందం కుదిరింది, 20 వేల టన్నులకు. ఈ టన్ను బరువు కాదు. ఒక టన్ను ఐసు ఒక పగలూ రాత్రీ కరిగితే ఎంత చల్లదనం ఇస్తుందో అంత. 2023లో మన రాష్ట్రం కూడా హైదరాబాదు ఫార్మాసిటీ కోసం అదే కంపెనీతో ఒప్పందం చేసుకుంది.

అవి చల్లటి నీళ్ల పథకాలు. నాకు నచ్చింది మాత్రం నీళ్లలో ఐసు కలిపి పంపే పద్ధతి. చెరుకు రసం బండి దగ్గర దంచిన ఐసు చూస్తాం గదా, అంతకన్నా సన్నటి పలుకులు, జావలాగా పారతాయి. లెక్క చూడండి. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1 క్యాలరీ చాలు. గ్రాము ఐసు కరగడానికి 80 కావాలి! నీళ్లు 5 డిగ్రీలతో పోయి 13తో తిరిగొస్తే గ్రాముకు 8 క్యాలరీలు మోసినట్టు. అందులో అయిదో వంతు ఐసు ఉంటే, కరగడానికి 16, ఆ తర్వాత 13 డిగ్రీల దాకా ఎక్కడానికి 13, మొత్తం 29. మూడు రెట్లు దాటింది. అంటే సన్న పైపు చాలు. దక్షిణాఫ్రికాలో లోతైన బంగారు గనుల్లోకి ఐసు దించేది ఇందుకే. రాత్రిపూట చేసి పెట్టుకొని పగలు వాడుకోవచ్చు కూడా. కాకపోతే ఐసు చేయడానికి మిషను కరెంటు ఎక్కువ తాగుతుంది, ఆ సంగతి దాచకూడదు.

ఆ కరెంటు కోసం బొగ్గు కాలేది పాల్వంచలో, మణుగూరులో గూడా. బూడిద మన వైపు, చల్లదనం కంపెనీల వైపు అంటే నేను ఒప్పుకోను. మొదటి పైపు ఆసుపత్రికి పోవాలి. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా నుంచి గూడా వస్తారు. మే నెల ఎండల్లో బాలింతకు చల్లటి గది మందుతో సమానం. ఇంకొకటి, పైపు ఒకసారి వేశాక ఇంకో కొట్టుకు పోలేం. కాబట్టి 30 ఏళ్ల ధర సంతకానికి ముందే అందరికీ తెలియాలి.

మన హాస్టలుకు గూడా పైపు అడుగుతావా అని కొందరు నవ్వారు. అడగను. భవనాలు దగ్గర దగ్గరగా ఉన్నచోటే ఇది గిట్టుతుంది. చేల నడుమ ఒంటరి బిల్డింగుకు అంత పైపు దండగ. మనకు కావలసింది 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీలో ఉంది. స్లాబుకు తెల్ల పూత పూస్తే ఎండ వెనక్కి మళ్లుతుంది. ప్రభుత్వ భవనాలను అందులో చేర్చారు. సార్లను అడిగేది ఇదే: మార్చి పరీక్షల లోపల పడక గదుల స్లాబుకు రెండు పూతల సున్నం వేయించండి. నీళ్లు, బకెట్లు పైకి మోయడానికి పదో తరగతి వాళ్లం సిద్ధంగా ఉన్నాం.