మాటలతో అడ్డుకున్న భాషా బిల్లు

చట్టసభలో బలం లేని భాషాసమూహానికి ఒక్క ప్రతినిధి వల్ల ఒరిగేదేమిటని పెదవి విరిచేవారు స్కాట్లండ్ నాయకుడు డొనాల్డ్ స్టూవర్ట్ చరిత్రను ఒకసారి పరిశీలించాలి.

ఆయన 1920లో లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలోను, అనంతరం ఆ దీవులకు పేరు తెచ్చిన హారిస్ ట్వీడ్ ఉన్నివస్త్ర పరిశ్రమలోను పనిచేశారు. స్వస్థలంలో పురపాలక సంఘానికి నాయకత్వం వహించారు. 1970 సార్వత్రిక ఎన్నికలలో పశ్చిమ దీవుల స్థానం నుండి, 35 ఏళ్లుగా అక్కడ గెలుస్తున్న లేబర్ సభ్యుణ్ణి ఓడించి బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టారు. సార్వత్రిక ఎన్నికలలో స్కాటిష్ నేషనల్ పార్టీ గెలుచుకున్న మొట్టమొదటి స్థానం అదే. 1974 అక్టోబరులో 11కు పెరిగిన ఆ పార్టీ బలం 1979లో రెండుకు పడిపోయింది. ఆ ఇద్దరిలో స్టూవర్ట్ ఒకరు.

ఆయన నియోజకవర్గమే గేలిక్ భాషకు ప్రధాన నిలయం. 1872 నాటి విద్యాచట్టం ప్రతి బిడ్డనూ బడికి రప్పించింది గాని గేలిక్ ఊసెత్తలేదు. 1891లో రెండున్నర లక్షలకు పైగా ఉన్న గేలిక్ భాషకుల సంఖ్య 1981 నాటికి సుమారు 80 వేలకు తగ్గింది.

ఆ 1981 ఫిబ్రవరిలోనే స్టూవర్ట్ గేలిక్‌కు చట్టబద్ధమైన రక్షణ కోరుతూ ప్రైవేటు సభ్యుని బిల్లును చర్చకు తెచ్చారు. అటువంటి బిల్లులకు శుక్రవారాలలో కేటాయించే సమయం స్వల్పం. గడువు ముగిసేవరకు ఒకరు ప్రసంగిస్తూనే ఉంటే, చర్చ ముగించి ఓటింగు జరపాలని కనీసం 100 మంది సభ్యులు పట్టుబట్టకపోతే, బిల్లు ఆగిపోతుంది. గేలిక్ బిల్లుకు పట్టిన గతి ఇదే. భాషను కాదనడానికి దాన్ని ద్వేషించనక్కరలేదు, వ్యతిరేకంగా చేయెత్తనూ అక్కరలేదు. కాలయాపన ఒక్కటి చాలు.

నెగ్గని బిల్లును పెట్టి ప్రయోజనమేమిటని అడగవచ్చు. తమకేమి కావాలో గేలిక్ ప్రజలు చెప్పలేదని ఆ తరువాత ఎవరూ అనలేకపోయారు. అది చిన్న లాభం కాదు. చట్టం కోసం తల్లిదండ్రులు కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరాలలో గేలిక్ మాధ్యమ ప్రాథమిక తరగతులు ప్రారంభమయ్యాయి.

స్టూవర్ట్ 1987లో పార్లమెంటు నుండి విరమించి, 1992లో కన్నుమూశారు. గేలిక్ భాషా చట్టాన్ని స్కాటిష్ పార్లమెంటు 2005లో ఏకగ్రీవంగా ఆమోదించింది. ఏ సభ్యుడూ వ్యతిరేకించని ఆ న్యాయం 24 ఏళ్లు ఆలస్యమైంది. ఈలోగా, 2001 నాటికి, భాషకుల సంఖ్య 58,652కు దిగజారింది. ఉపాధికై దీవులు విడిచిన వలసలు, ఇళ్లలో ఆంగ్లానికి మళ్లిన అలవాట్లు ఇందుకు కారణాలే. అయితే బడి, కార్యాలయం ఆ మాటను పట్టించుకోనప్పుడు ఇల్లు ఒంటరిగా ఎంతకాలం నిలబడగలదు?

2022 జనగణనలో ఆ సంఖ్య దాదాపు 70 వేలకు పెరిగింది. 2025 చట్టం గేలిక్‌కు అధికార హోదానిచ్చింది. సంతోషమే. కాని స్టూవర్ట్ ప్రాతినిధ్యం వహించిన పశ్చిమ దీవులలోనే గేలిక్ మాట్లాడేవారు ఇప్పుడు సగానికి తక్కువ. బడి భాషను నేర్పగలదు. తల్లి ఒడిలో అది అందకపోతే ఆ లోటును బడి పూర్తిగా పూడ్చలేదు.

ఇంటి భాష ఒకటి, రాజ్యభాష మరొకటిగా తరతరాలుగా జీవిస్తున్న మనవంటివారు గ్రహించవలసినది ఇదే. ప్రతినిధి ఓడిపోతానని తెలిసినా సభలో అడగాలి. కుటుంబం చట్టం వచ్చేవరకు ఆగకుండా పిల్లలతో మాట్లాడాలి. ఈ రెండింటిలో ఏది ఆలస్యమైనా, మూల్యం చెల్లించేది తరువాతి తరమే.