జయించింది 'అతడు', నేరం మాత్రం 'మనందరిదీ'నా?

'మానవుడు ప్రకృతిని జయించాడు.' ఈ వాక్యం చదవకుండా బడి దాటినవాళ్ళు మనలో అరుదు. మానవుడు నిప్పు కనుక్కున్నాడు, వేటాడాడు, అడవులు నరికి సేద్యం చేశాడు, సముద్రాలు దాటి కొత్త ఖండాలు కనుక్కున్నాడు. అన్నీ 'డు'తోనే ముగుస్తాయి. ఇది వ్యాకరణం తెచ్చిన ఇబ్బందే తప్ప మరేమీ కాదని, అందులో స్త్రీలు కూడా ఉన్నారనే అనుకోవాలని మనకు సర్దిచెప్తారు. సరే. కానీ అదే కథ చివరి అధ్యాయానికి వచ్చేసరికి, అంటే అడవులు పోయి, నీళ్ళు విషమై, భూమి వేడెక్కేసరికి, వాక్యంలో కర్త మారిపోతాడు. ఇప్పుడు నాశనం చేసింది 'మనం'. మానవజాతి అత్యాశ, పెరుగుతున్న జనాభా! జయించేటప్పుడు ఏకవచనంలో నిలబడిన పురుషుడు లెక్క చెప్పాల్సి వచ్చేసరికి బహువచనంలో దాక్కున్నాడు. ఆ బహువచనంలోకి మాత్రం మనల్ని సాదరంగా ఆహ్వానించారు.

ఈ కథకు శాస్త్రం పేరుతో పునాది వేసినవాళ్ళున్నారు. దక్షిణాఫ్రికాలో దొరికిన టౌంగ్ పసిబిడ్డ పుర్రెను 1925లో లోకానికి పరిచయం చేసిన రేమండ్ డార్ట్, 1953 నాటికి మన పూర్వీకులు ఎముకలనే ఆయుధాలుగా చేసుకున్న హంతక వానరాలని తీర్మానించాడు. రాబర్ట్ ఆర్డ్రీ 1961లో ఈ వాదాన్ని జనరంజకంగా రాసి ఇంటింటికీ చేర్చాడు. చంపడమే మనిషిని మనిషిగా చేసిందట. అంటే యుద్ధం, ఆక్రమణ, బలవంతం అన్నీ రక్తంలోనే ఉన్నాయి కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదు!

తర్వాత ఏమైంది? సి.కె. బ్రెయిన్ ఏళ్ళ తరబడి ఆ ప్రాంతపు గుహల్లోని ఎముకలను పరీక్షించాడు. వాటిలో చాలావరకు చిరుతలవంటి జంతువులు తిని వదిలినవని 1981లో ప్రచురించిన పుస్తకంలో చూపించాడు. ఒక పుర్రె మీది రెండు రంధ్రాలకు చిరుత కోరలు సరిగ్గా సరిపోయాయి. డార్ట్ వర్ణించిన ఆ పసిబిడ్డను చంపింది బహుశా గద్దజాతి పెద్ద పక్షి అని 1995లో బెర్గర్, క్లార్క్ ప్రతిపాదించారు. మహావిజేత కథ ఒక పక్షి ఎత్తుకుపోయిన బిడ్డతో మొదలైందన్నమాట.

అయినా వేటగాడి కథ ఆగలేదు. 1966లో షికాగోలో 'వేటగాడు మానవుడు' పేరుతోనే పెద్ద సదస్సు జరిగింది. విచిత్రమేమిటంటే, ఆ సదస్సు వ్యాసాల సంపుటిలోనే (1968) రిచర్డ్ లీ, కలహారి ఎడారిలోని కుంగ్ ప్రజల తిండిలో బరువు ప్రకారం 60 నుంచి 80 శాతం మొక్కల నుంచి వచ్చేదేనని లెక్కగట్టాడు. దాన్ని ఏరి తెచ్చేది ప్రధానంగా స్త్రీలు. తిండి పెట్టింది ఒకరు, పుస్తకం మీద పేరు మరొకరిది! 1971లో శాలీ స్లోకమ్ అడగవలసిన ప్రశ్న అడిగింది: తొలి పనిముట్టు బల్లెమే ఎందుకు కావాలి, ఏరిన గింజలు పోసుకునే బుట్టో, బిడ్డను మోసే జోలెో ఎందుకు కాకూడదు? నార, తోలు, వెదురు మట్టిలో కలిసిపోతాయి. రాయి మిగులుతుంది. మిగిలిందే చరిత్ర అయింది.

స్త్రీ స్వభావరీత్యా ప్రకృతికి దగ్గర, పురుషుడు దూరం అనే వాదాన్ని నేను సమర్థించడం లేదు. పెరూలోని విలమాయ పట్‌హ్షా దగ్గర సుమారు 9000 ఏళ్ళ కిందటి ఒక యువతి సమాధిలో వేట పనిముట్లు దొరికాయని 2020లో ప్రకటించారు. 'ఆదిమ' సమాజాలు ఏ జీవికీ హాని చేయలేదనడమూ అబద్ధమే. సుమారు 13వ శతాబ్దంలో మనుషులు న్యూజీలాండ్ చేరాక, రెండు శతాబ్దాలలోపే మోవా పక్షులు అంతరించాయి. కానీ మోవాను తిన్నవాళ్ళే మోవా లేని లోటునూ అనుభవించారు. 1492 తర్వాత ఐరోపా సామ్రాజ్యాలు చేసిన పని ఇలాంటిది కాదు. నష్టం ఒక ఖండానికి, లాభం మరో ఖండానికి. 1882 మద్రాసు అటవీ చట్టం మన కొండల్లో చేసిందీ అదే. కలప సర్కారుది, పోడు నేరం. 1922లో మన్యం తిరగబడిన కారణాల్లో ఇదీ ఒకటి.

ఈ తేడాను చెరిపేసే తాజా మాట 'ఆంత్రోపోసీన్', అంటే మానవయుగం. 2000లో క్రుట్జెన్, స్టోర్మర్ దీన్ని ముందుకు తెచ్చారు. భూగర్భ శాస్త్రజ్ఞుల సంఘం 2024లో దాన్ని అధికారిక యుగంగా ఒప్పుకోలేదు కానీ మాట మాత్రం పాకిపోయింది. ఏ మానవుడి యుగం ఇది? 1990 నుంచి 2015 వరకు వెలువడిన కార్బన్ ఉద్గారాల్లో 52 శాతానికి ప్రపంచంలోని అతి ధనికులైన 10 శాతం మందే కారణమని, పేద సగం వాటా 7 శాతమని 2020లో ఆక్స్‌ఫామ్ లెక్క చెప్పింది.

ఈ 'మనం' అనే మాట ఎవరి మీద పడుతుందో నల్లమలలో చూడవచ్చు. గడ్డలు తవ్వి, తేనె తీసి బతికే చెంచులు పులికి అడ్డమని, అడవి బయటికి రమ్మని నచ్చజెప్తూనే ఉన్నారు. అదే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సిఫారసు చేసింది. తవ్వుడు కర్ర పులిని బెదరగొడుతుంది, డ్రిల్లింగ్ యంత్రం బెదరగొట్టదు కాబోలు! జనం గట్టిగా ఎదిరించాక సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ఆ ఏడాదే ఫిబ్రవరి 13న, హక్కుల దరఖాస్తు తిరస్కరణకు గురైనవారిని అడవుల నుంచి ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఆ పదిహేను రోజులూ 'మానవజాతి'లో ఎవరికి నిద్ర పట్టలేదో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి మన శిక్షణ పుస్తకాల్లో, కరపత్రాల్లో 'మానవ కార్యకలాపాల వల్ల' అని రాయడం మానేద్దాం. ఏ కంపెనీ, ఏ శాఖ, ఏ ఉత్తర్వు అన్నది రాద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒంటరి స్త్రీ కుటుంబ పెద్ద అయితే ఆమె పేరునే ఉండాలి. ఈసారి గ్రామసభకు వెళ్ళినప్పుడు పట్టాలు చేతిలోకి తీసుకుని పేర్లు చదవండి. ఆమె పేరు ఎన్నింటిమీద ఉంది? తిరస్కరించిన దరఖాస్తులకు కారణం రాతపూర్వకంగా ఇచ్చారా? ఇచ్చి ఉంటే, దాన్ని ఆమెకు ఎవరైనా చదివి వినిపించారా?