ప్రాణాలు మూడు, టికెట్టు ఒకటి

మన రాజమౌళి గారు ఒక వీడియో గేములో కనిపించారని మీలో ఎంతమందికి తెలుసు? 2025లో విడుదలైన ‘డెత్ స్ట్రాండింగ్ 2’ అనే జపాను గేములో ఆయనా, వారబ్బాయి కార్తికేయా తండ్రీకొడుకుల వేషాల్లోనే తళుక్కుమంటారు. ఆ గేము సృష్టికర్త హిడియో కొజిమాకి సినిమాలంటే మహా పిచ్చి. అయినా సినిమా మనిషి గేములోకి వెళ్లడం పెద్ద కష్టమేం కాదు లెండి. మొహాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే చాలు. తంటా అంతా ఎదురు దారిలోనే! గేము బయల్దేరి సినిమా హాలుకి చేరేసరికి దారిలోనే సగం ప్రాణం పోతోంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే వరస.

మొదటి దెబ్బ తిన్నది మారియో. టోపీ, మీసం పెట్టుకుని పుట్టగొడుగులు తింటూ గెంతే ఆ బుల్లి మారియోని తెలియని కుర్రకారు ఉండరు. 1993లో అతని మీద హాలీవుడ్ వాళ్లు ఓ చిత్రం తీశారు. బాబ్ హాస్కిన్స్ లాంటి ఉద్దండుణ్ణి పెట్టి, రంగురంగుల లోకాన్ని కాస్తా డైనోసార్లు ఏలే ఓ మురికి నగరంగా మార్చేశారు. ఎందుకు మార్చారో ఆ దేవుడికే ఎరుక. జీవితంలో తాను చేసిన అతి చెత్త పని అదేనని హాస్కిన్స్ తర్వాత బాహాటంగానే చెప్పుకున్నాడు పాపం.

గేము గురించి తెలియనివాళ్లు తీశారు కాబట్టి చెడిందంటారా? అయితే 2001 నాటి ‘ఫైనల్ ఫాంటసీ’ సంగతి చూడండి. ఆ గేములను పుట్టించిన హిరొనొబు సకగుచియే స్వయంగా దర్శకత్వం వహించాడు. కంప్యూటర్ బొమ్మగా చేసిన నాయిక తలమీద సుమారు 60 వేల వెంట్రుకలను విడివిడిగా కదిలించారు. వెంట్రుకలన్నీ కదిలాయి, ప్రేక్షకుడి మనసే కదల్లేదు. పదమూడు కోట్ల డాలర్లకు పైగా పోసిన చిత్రం తొమ్మిది కోట్లయినా తేలేక చతికిలబడింది.

మరి జబ్బు ఎక్కడుందంటారు?

మన చిత్రసీమకు నవలలను సినిమాలు తీయడం కొత్తేమీ కాదు. యద్దనపూడి సులోచనారాణి గారి ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కాయి. నవల చదివి హాలుకి వెళ్లినవాళ్లు ‘నేననుకున్న రాజశేఖరం ఇలా ఉండడే’ అని గొణుక్కుంటే గొణుక్కుని ఉండొచ్చు. అంతకుమించి పోయిందేం లేదు. నవల చదివేటప్పుడూ కథ మన చేతిలో లేదు, సినిమా చూసేటప్పుడూ లేదు. గేము అలా కాదే! గోతిలో పడ్డది నేను, లేచింది నేను, పదోసారి గట్టెక్కి అరిచిందీ నేనే. సినిమాకు రాగానే ఆ ‘నేను’ని గేటు దగ్గరే ఆపేస్తారు.

వీడియో గేముల పార్లర్లు ఉన్న రోజుల్లో అక్కడ నిలబడ్డవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. నేనూ నిలబడ్డవాణ్ణే. ముందున్న కుర్రాడు ఆడుతుంటాడు, మనం వాడి భుజం మీదుగా తొంగి చూస్తుంటాం. వాడు గెలుస్తున్నకొద్దీ మనకు కాళ్లు పీకుతాయి. వాడెప్పుడు చస్తాడా, మన వంతెప్పుడొస్తుందా అని ఒకటే ఆరాటం! చెడ్డ గేము సినిమా అచ్చంగా ఇదే. హీరో ఆడుతుంటాడు, మనం వెనక నిలబడి ఉంటాం. ఎంతసేపున్నా మన వంతు మాత్రం రాదు.

ఇంకో చిక్కు చావుతో. గేములో చావంటే లెక్కేముంది? మూడు లైఫులుంటాయి. ఒకటి పోతే మళ్లీ మొదటికి. సినిమాలో చావు ఒక్కటే. అందుకే హీరో కొండ అంచున వేలాడితే హాలంతా ఊపిరి బిగబడుతుంది. గేములోని గెంతులన్నీ తెచ్చి తెరమీద పోస్తే అటు ఆట సరదా ఉండదు, ఇటు చావు భయమూ ఉండదు. రెంటికీ చెడిన రేవడి!

తమాషా ఏమిటంటే ఈ ముడి విప్పిన చిత్రాల్లో ఒకటి అసలు ఏ గేము నుంచీ తీసింది కాదు. 2014లో వచ్చిన టామ్ క్రూజ్ ‘ఎడ్జ్ ఆఫ్ టుమారో’ చూశారు కదా? దానికి మూలం హిరోషి సకురజక అనే జపాను రచయిత నవల. గేములు ఆడిన అనుభవంలోంచే ఆ ఊహ తట్టిందని ఆయనే రాసుకున్నాడు. పిరికి అధికారి యుద్ధంలో చస్తాడు, మళ్లీ అదే ఉదయం లేస్తాడు. మనకు నవ్వొస్తుంది. పోనుపోను నవ్వు తగ్గుతుంది. పక్కనున్న అమ్మాయి తన కళ్లెదుటే ఎన్నిసార్లు చచ్చిపోయిందో అతనికి గుర్తుంది, ఆమెకు గుర్తులేదు. ఆ బరువు గేములో మన మీద పడేది కాదు. అది సినిమా సంపాదించిపెట్టిన ఆస్తి.

గేము పేరుతోనే వచ్చి మెప్పించినవాటిలో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ ఉంది. సినిమా కాదు, 2023లో వచ్చిన సీరియల్. అయినా వదలబుద్ధి కావడం లేదు. 2013 నాటి గేములో బిల్ అనేవాడుంటాడు. అతని నేస్తం ఫ్రాంక్ మనకు శవంగానే కనబడతాడు, ఓ చేదు ఉత్తరంతో. ఆ ఊళ్లో మనం చేసేదంతా ఉచ్చులు తప్పించుకోవడం, దాక్కోవడం, కొట్టుకోవడం. సీరియల్ వాళ్లు ఆ కొట్లాటనంతా ఎత్తి అవతల పారేశారు. ఆ శవానికి ప్రాణం పోసి, మూడో భాగం దాదాపు మొత్తాన్నీ ఆ ఇద్దరు మగవాళ్ల ప్రేమకథకే ఇచ్చేశారు. కలిసి వండుకు తిన్నారు, పోట్లాడుకున్నారు, ముసలివాళ్లయ్యారు. బిల్ వేషం వేసిన నిక్ ఆఫర్‌మన్‌కి ఎమ్మీ బహుమతి వచ్చిందంటే ఊరికే రాలేదు. బటన్ నొక్కే తొందరలో మనం ఆగి చూడని మనుషులను చూపించారు. అదీ కిటుకు!

ఇక ‘ఎగ్జిట్ 8’. 2025లో కాన్స్ చిత్రోత్సవంలో అర్ధరాత్రి ఆటగా వేశారు. దర్శకుడు గెంకి కవామురా. దీనికి ఆధారమైన గేములో కథే లేదంటే నమ్మండి. భూగర్భ రైల్వే స్టేషన్లో ఒక నడవా. గోడల మీద పోస్టర్లు, ఎదురుగా నడిచొచ్చే ఓ మనిషి. ఏదైనా తేడాగా కనిపిస్తే వెనక్కి తిరగాలి. లేకపోతే ముందుకు పోవాలి. తప్పు చేశారో, మళ్లీ సున్నా! ఇంతే. సినిమాలో ఆ నడవాలోకి ఒక యువకుణ్ణి పంపారు. విడిపోయిన స్నేహితురాలు అంతకు ముందే ఫోన్ చేసి తాను గర్భవతినని చెప్పింది. ఇప్పుడు వెనక్కి తిరగాలా, ముందుకు పోవాలా? గేము నియమమే అతని బతుకు ప్రశ్న అయి కూర్చుంది. పైగా మన చేతులు ఖాళీగా ఉన్నా కళ్లు ఖాళీగా ఉండవు. పోస్టర్లో తేడా హీరోకంటే ముందు పట్టేయాలని మనమూ వెతుకుతుంటాం. మన వంతు మనకు వచ్చేసింది చూశారా!

‘మరి వసూళ్ల మాటేమిటి గురూ’ అంటారు. ఒప్పుకుంటాను. 2023లో బొమ్మల చిత్రంగా మళ్లీ వచ్చిన మారియో 135 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. ఈసారి మురికి నగరం లేదు, అచ్చం గేములాగే ఉంది. నా మట్టుకు నాకు పార్లర్లో నిలబడ్డట్టే అనిపించింది, కాకపోతే మెత్తటి సీటు. 2025లో ‘మైన్‌క్రాఫ్ట్’ దాదాపు 95 కోట్ల డాలర్లు దండుకుంది. కథ అంతంతమాత్రం. కానీ కోడిమీద బుల్లి రాక్షసుడు ఎక్కిన సీను రాగానే అమెరికా కుర్రాళ్లు లేచి, కేకలు పెట్టి, పాప్‌కార్న్ గాల్లోకి విసిరేశారు. కొన్ని హాళ్లకు పోలీసులు కూడా వచ్చారట! అక్కడి పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. మొదటి ఆటకు కాగితాలు ఎగరేసే మనకు అందులో వింతేముంది? సినిమా పని చెప్పకపోతే చేతులే పని వెతుక్కుంటాయి.

గేము పేరు కొనడానికే కోట్లు పోసేవాళ్లు ముందుగా చూడాల్సింది మన దగ్గరే ఉంది. 2019లో అశ్విన్ శరవణన్ తెలుగు, తమిళ భాషల్లో తీసిన ‘గేమ్ ఓవర్’. తాప్సీ అందులో గేములు తయారుచేసే అమ్మాయి. పాత గాయం వదలక ఇంట్లోనే ముడుచుకుపోయి, చక్రాల కుర్చీకి అతుక్కుపోయి ఉంటుంది. తోడు పనిమనిషి కళమ్మ ఒక్కతే. రాత్రి హంతకులు వస్తారు. ఆమెకు మూడు ప్రాణాలు. ఒక్కొక్కటి పోతుంటే మనం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాం. మొదటిసారి చేసిన పొరపాటు రెండోసారి చేయకుండా ఆమె కుర్చీ తిప్పిన తీరు చూస్తే, చేతిలో బటన్ లేకపోయినా బొటనవేలు దానంతటదే కదులుతుంది. బతకాలనే ఆశే లేని మనిషికి మూడు ప్రాణాలిస్తే ఏం చేస్తుంది? ఆ మాట మాత్రం నేను చెప్పను.

చూడనివాళ్లు ఇప్పుడైనా చూడండి. రాత్రిపూట ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం వద్దు. తర్వాత నన్ను తిట్టుకుంటూ ఉత్తరాలు రాయకండి.